కుర్చీ కదలని విమానయాత్ర

యాత్రలు చేసి వచ్చినవారు వ్రాసే వ్యాసాలు పత్రికల్లో తరచు చూస్తూనే వుంటాం. కాశీ వెళ్లినవారు గంగను గురించీ, కాశ్మీరం వెళ్లినవారు మంచును గురించీ వ్రాస్తారు. రైల్లో పోయిన పెట్టెను గురించి వ్రాసేవారు కూడా వున్నారు. నేను చెప్పబోయే యాత్రలో పెట్టె సర్దడం లేదు, టిక్కెట్టు లేదు, గుమ్మం దాటడం అంతకంటే లేదు. అయినా దీనిలో ఆకాశం వుంది, నది వుంది, ఎదురుగాలి వుంది, దిగవలసిన చోట దిగలేక మళ్లీ పైకి లేవడం కూడా వుంది. బల్లమీది కంప్యూటర్‌లో విమానం నడపడాన్ని గురించి చెబుతున్నాను. దీన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు.

పేరు వినగానే "పిల్లల ఆటే కదా!" అని పెదవి విరిచేవారున్నారు. మా ఆవిడ కూడా మొదట ఆ మాటే అన్నది. ఆట అంటే తప్పేమీ లేదు గాని, దీని పుట్టుక మాత్రం ఆటలో ఆగలేదు.

1929లో అమెరికాలోని బింగ్‌హామ్‌టన్ అనే వూళ్లో ఎడ్విన్ లింక్ అనే యువకుడు ఒక చిన్న పెట్టెవిమానం తయారుచేశాడు. అతని తండ్రికి పియానోలూ, ఆర్గన్‌లూ చేసే కర్మాగారం వుండేది. అక్కడ వాడే గాలితిత్తులనే తెచ్చి, పొట్టిరెక్కల బొమ్మవిమానం కింద అమర్చాడు. లోపల కూర్చున్నవాడు పిడి కదిపితే తిత్తులు వుబ్బుతూ, కుంగుతూ పెట్టెను అటూ యిటూ వంచేవి. మన హార్మనీ పెట్టెకూ దానికీ దూరపు చుట్టరికం వున్నదన్నమాట! మొదట్లో దాన్ని వినోదం కోసం పెట్టే పార్కులవాళ్లే కొన్నారు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో టపా మోసే పని నెత్తికెత్తుకుని, చలికాలపు మబ్బుల్లో దారి కానక పైలట్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నాక గాని దాని విలువ పెద్దలకు తెలిసిరాలేదు. ఆ యేడే సైన్యం ఆరు పెట్టెలు కొన్నది. రెండవ ప్రపంచయుద్ధం నాటికి లక్షలమంది ఆ పెట్టెల్లో కూర్చునే మబ్బుల్లో విమానం నడపడం నేర్చుకున్నారు. నేలమీద చెయ్యగలిగిన పొరపాటు నేలమీదే చేసేస్తే ఆకాశంలో ప్రాణం దక్కుతుందన్నదే దీనిలోని సూత్రం.

ఆ పెట్టె యీనాడు మన బల్లమీదికి వచ్చింది. మొదలుపెట్టదలచినవారికి ముఖ్యంగా మూడు దారులు వున్నాయి. మొదటిది ఫ్లైట్‌గేర్. దేశదేశాల ఔత్సాహికులు కలిసి కట్టినది. పైసా ఖర్చు లేదు. రెండవది ఎక్స్‌ప్లేన్. యిది రెక్కను ముక్కలు ముక్కలుగా విభజించి, ఒక్కొక్క ముక్కమీద గాలి చూపే బలాన్ని క్షణక్షణమూ లెక్కకట్టి విమానాన్ని నడిపిస్తుంది. కొనేముందు రుచి చూడడానికి దీనికి వుచిత నమూనా కూడా వుంది. మూడవది మైక్రోసాఫ్ట్ వారి ఫ్లైట్ సిమ్యులేటర్. దీని కొత్త కూర్పులు 2020లోనూ, 2024లోనూ వచ్చాయి. ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రాలను భూగోళమంతా పరిచి చూపించడం దీని ప్రత్యేకత. ఆ బొమ్మలన్నీ ఎగురుతూ వుండగా ఇంటర్నెట్టులోంచి వస్తూ వుంటాయి గనుక, కంప్యూటర్‌తో బాటు ఇంటర్నెట్టు కూడా గట్టిదై వుండాలి. మన యింట్లో కంప్యూటర్ పాతదయితే మొదటిదానితో ప్రారంభించడమే మర్యాద.

తర్వాత కావలసినది జాయ్‌స్టిక్. కంప్యూటర్ మీటలతో విమానం నడపడం అంటే గరిటెతో వుత్తరం వ్రాయడం వంటిది. మెడ తిప్పితే తోక చుక్కాని కూడా కదిలే జాయ్‌స్టిక్‌లు వున్నాయి. కొత్తవారికి అటువంటిది ఒక్కటి చాలు. కాళ్లకింద తొక్కుడు చట్రాలు, ప్రత్యేకపు కుర్చీలు, నాలుగేసి తెరలు... యివన్నీ తర్వాత చూసుకోవచ్చు. సంగీతం నేర్చుకోకముందే వీణకు దంతపు పని చేయించినట్లు వుండకూడదు.

ఏ విమానంతో మొదలుపెట్టాలి? పిల్లలు వెంటనే నాలుగువందలమంది కూర్చునే విమానం కావాలంటారు. పెద్దవాళ్లూ అంతే. కాని మంచి గురువెవరయినా సెస్నా 172 ఎక్కమంటాడు. 1955లో మొదట ఎగిరిన యీ నలుగురు కూర్చునే చిన్న విమానం లోకంలో మరే విమానం తయారుకానన్ని తయారయింది; 44,000 దాటాయి. ఒక్క ఇంజను, పైన రెక్క, కింద నేల చక్కగా కనిపిస్తుంది. రన్‌వేమీద వేగం పెంచుతూ పోయి, 55 నాట్లకు రాగానే పిడిని మెల్లగా తనవైపు లాక్కుంటే ముక్కు పైకి లేస్తుంది. 74 నాట్ల దగ్గర వేగం నిలిపితే చక్కగా ఎక్కుతుంది. వినడానికి యింతే. కాని ఇంజను జోరు పెంచగానే విమానం ఎడమవైపుకు లాగుతుంది, అది సహజం. కుడిచుక్కాని యిచ్చి దాన్ని సరిదిద్దాలి. ఆ సంగతి తెలియనివాడి విమానం గట్టు దాటి పొలంలోకి పోతుంది. ప్రతి కొత్తవాడికీ రన్‌వే పక్కనున్న ఆ పొలంతో పరిచయమవుతుంది.

రెండవ పాఠం "స్టాల్". ఇంజను ఆగిపోవడాన్ని స్టాల్ అంటారని చాలామంది అనుకుంటారు. కాదు. ముక్కు మరీ పైకెత్తితే రెక్కమీద గాలి అతుక్కుని పారక చెదిరిపోతుంది. ఇంజను బ్రహ్మాండంగా మోగుతూనే వుంటుంది, విమానం మాత్రం దిగజారుతుంది. అప్పుడు భయంతో పిడిని యింకా లాగబుద్ధి వేస్తుంది. చెయ్యవలసినది దానికి విరుద్ధం: ముక్కు దించి, గాలిని మళ్లీ రెక్కమీదికి రానివ్వాలి. పడిపోతున్నప్పుడు కిందికి తోయడం! యీ ఒక్క పాఠానికే సిమ్యులేటర్ ఖర్చు గిట్టుబాటవుతుందని నా అభిప్రాయం.

మూడవది చదివి చెయ్యడం. సత్యనారాయణ వ్రతం చేయించే పురోహితుడికి వ్రతకల్పం కంఠతా వచ్చే వుంటుంది. అయినా పుస్తకం పక్కన పెట్టుకుంటాడు. విమానంలోనూ అంతే. 1935 అక్టోబరు 30న అమెరికాలో రైట్‌ఫీల్డ్ దగ్గర బోయింగ్ వారి కొత్త బాంబరు విమానం లేచీ లేవగానే కూలిపోయింది. నడిపినవాళ్లు ఆరితేరిన పైలట్లే. గాలికి కదలకుండా తోకకు బిగించి వుంచిన తాళం విప్పడం మరిచారు, అంతే. ఆ తర్వాతనే ప్రతి పనినీ చీటీ చూసి చదువుతూ చేసే ఆచారం విమానాల్లో స్థిరపడింది. సిమ్యులేటర్‌లోని సెస్నాకు కూడా ఆ చీటీ వుంటుంది. దాన్ని చూసి "బ్రేకులు... పెట్రోలు... మాగ్నెటోలు..." అని పైకి చదువుతూ వుంటే పక్కగదిలోని వాళ్లు నవ్వవచ్చు. నవ్వనివ్వండి.

ఇక యాడాన్‌ల సంగతి. అంటే, మూలగ్రంథానికి తర్వాత చేర్చిన అనుబంధాలన్నమాట. కొత్త విమానాలు, విమానాశ్రయాలు, వూళ్లు, వాతావరణం... ఎవరెవరో తయారుచేసి కొన్ని వూరికే యిస్తారు, కొన్ని అమ్ముతారు. వీటిని ఎక్కడ పెట్టాలన్న చిక్కు కూడా పెద్దది కాదు. ఎక్స్‌ప్లేన్‌లో "కస్టమ్ సీనరీ" అనీ, మైక్రోసాఫ్ట్ వారి దానిలో "కమ్యూనిటీ" అనీ ఒక్కొక్క అర వుంటుంది. దింపుకున్న వూరిని ఆ అరలో పెట్టి, మళ్లీ తెరిస్తే వూరు వెలుస్తుంది. వద్దనుకుంటే తీసి పక్కన పెట్టవచ్చు. ఒకేసారి పది చేర్చకుండా, ఒక్కొక్కటి చేర్చి ఎగిరి చూసుకుంటే ఏది చిక్కు తెచ్చిందో వెంటనే తెలుస్తుంది. కొనేవాటి జోలికి మొదటి ఆరునెలలూ పోకపోవడం మంచిది. అంతవరకు వూరికే దొరికేవే మనం చూసి తరించలేనన్ని వున్నాయి.

యీ యాడాన్‌లు ఎందుకు పుడతాయో తెలియాలంటే మనం ఒకసారి షికాగో పోయి రావాలి. బ్రూస్ ఆర్ట్‌విక్ అనే ఆయన ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో 1975లో, విమానం లోంచి కనిపించే దృశ్యాన్ని కంప్యూటర్ చేత గీయించడం ఎలాగో సిద్ధాంతవ్యాసం వ్రాశాడు. ఆయన కల్పించిన సిమ్యులేటర్‌నే మైక్రోసాఫ్ట్ వారు 1982లో విడుదల చేశారు. దాన్ని తెరవగానే విమానం షికాగోలోని మెగ్స్ ఫీల్డ్ అనే చిన్న విమానాశ్రయంలో నిలబడి వుండేది. ఒక పక్క మిషిగన్ సరస్సు, మరొక పక్క ఆకాశహర్మ్యాలు. తర్వాత వచ్చిన కూర్పుల్లో కూడా, దాదాపు యిరవై యేళ్లపాటు, లోకంలోని సిమ్యులేటర్ పైలట్లందరికీ అదే పుట్టిల్లు. షికాగో ఏ దిక్కునున్నదో తెలియనివాళ్లకు కూడా ఆ రన్‌వే చివర నీళ్లు ఎక్కడ మొదలవుతాయో తెలుసు.

2003 మార్చి 30వ తేదీ రాత్రి ఆ నగర మేయరు రిచర్డ్ డేలీ ఆజ్ఞమీద బుల్డోజర్లు వచ్చి, తెల్లవారేలోపల రన్‌వే నడుమ పెద్ద పెద్ద ఇంటూ గుర్తులుగా గోతులు తవ్వేశాయి. అక్కడ ఆగివున్న పదహారు విమానాలు పోవడానికి రన్‌వే లేక, తర్వాత పక్కనున్న టాక్సీదారి మీదనుంచే ఎగిరిపోవలసి వచ్చింది. యిప్పుడది పార్కు. తర్వాతి సిమ్యులేటర్‌లలో కూడా ఆ చోటు తీసేశారు. అయితే అభిమానులు వూరుకోలేదు. మెగ్స్ ఫీల్డును మళ్లీ కట్టి యాడాన్‌గా పంచిపెట్టారు. సిమ్యులేటర్ మారినప్పుడల్లా మళ్లీ కడుతున్నారు. నేలమీద లేని రన్‌వే అక్కడ యింకా వుంది. నేనూ దానిమీద దిగాను. దిగిన తర్వాత ఇంజను ఆపి కాసేపు వూరికే చూస్తూ కూర్చున్నాను.

పోయినదాన్ని నిలబెట్టిన సంగతి యిది. వున్నదే లేకుండా పోయే సంగతి కూడా వుంది. భూగోళమంతటినీ మనుషులు కూర్చుని గీయలేరు గదా! పటాలూ ఛాయాచిత్రాలూ యిస్తే యంత్రమే ఇళ్లనూ చెట్లనూ వూహించి నాటుతుంది. ఆ వూహ ఎంత చక్కగా వుంటుందో, ఒక్కొక్కప్పుడు అంత తమాషాగానూ వుంటుంది. 2020లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ పొలిమేరలో, చిన్న చిన్న ఇళ్ల మధ్య, 212 అంతస్తుల సన్నని మేడ ఒకటి సిమ్యులేటర్‌లో లేచి నిలబడింది. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని లోకంలోని వాళ్లందరూ కలిసి గీసుకునే పటం వుంది. దానిలో ఎవరో ఒకరు రెండంతస్తులని వ్రాయబోయి 212 అని కొట్టారు. యంత్రం నోరెత్తకుండా కట్టేసింది! అదే యేడు లండనులోని బకింగ్‌హాం రాజప్రాసాదం ఏదో ఆఫీసు భవనంలాగా కనిపించింది. రాణిగారి యిల్లు గనుక నలుగురూ చూశారు, నవ్వారు, మరుసటి యేడు సరిచేశారు. మరి మన వూరి సంగతి ఎవరు చూస్తారు?

యీ ప్రశ్న నాకు మా అమ్మవల్ల వచ్చింది. ఆమెకు డెబ్బయి దాటాయి. మోకాళ్లు పట్టేసి ప్రయాణాలు మానేసింది. విమానం ఎన్నడూ ఎక్కలేదు. పుట్టిల్లు కోరుకొండ దగ్గర. ఒకనాటి సాయంకాలం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, "ఒరేయ్, యిందులో మన గోదావరి వుందేమిట్రా?" అన్నది.

"లోకమంతా వుందమ్మా" అన్నాను.

రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో వుంది. అక్కడినుంచి సెస్నాలో బయలుదేరాం. గన్నవరం చేరడం మా సంకల్పం. తిన్నగా పోతే సుమారు 125 కిలోమీటర్లు. యీ విమానానికి ముప్పావుగంట ప్రయాణం. కాని కోరుకొండ మధురపూడికి వుత్తరాన కూతవేటు దూరంలోనే వుంది గనుక, ముందు స్వామి దర్శనం చేసుకుందామని అటు తిప్పాను. వెయ్యి అడుగుల ఎత్తులో పచ్చని పొలాలు, వాటి నడుమ ఒంటిగా కొండ. అమ్మ వెంటనే పోల్చింది. కళ్లద్దాలు సవరించుకుని తెరమీదికి వంగింది.

"కొండ యిదేరా. గుడి ఏదీ?"

కొండచుట్టూ తిప్పాను. కొండమీద చెట్లున్నాయి, రాళ్లున్నాయి. లక్ష్మీనరసింహస్వామి గుడి లేదు. కింద వూరు వుండవలసిన చోట పెంకుటిళ్లకు బదులు ఏ దేశపువో ఒకేరకం డాబాలు వరసగా వున్నాయి.

"నువ్వు విమానంలో వచ్చావు గాని, స్వామికి విమానం లేదేమిట్రా!" అన్నది అమ్మ.

ఆమె ఏ చమత్కారమూ వుద్దేశించి అనలేదు. గర్భాలయంమీది శిఖరాన్ని విమానమనే అంటారు. ఆమె చిన్ననాటినుంచీ ఎరిగిన విమానం అదొక్కటే. ఫాల్గుణంలో స్వామి కల్యాణానికి బండి కట్టుకుని వెళుతూ వుంటే, మలుపు తిరగగానే ముందుగా కనిపించేది అదేనట. ఆకాశంలో ఎగిరేదానికి మనవాళ్లు ఆ పేరే యెత్తుకున్నారని నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పాను. గుడిమీది విమానం లేకుండా ఎగిరే విమానం మాత్రమే వుంటే ఎలా వుంటుందో ఆనాడే చూశాను.

తర్వాత నైరుతిగా తిరిగి గోదావరి పట్టుకున్నాం. నది మాత్రం నిజంగా గోదావరే. యిసుకతిన్నెలు, లంకలు, ఆ వెడల్పు, పడమటి ఎండలో ఆ మెరుపు... అమ్మ చేతులు జోడించింది. రాజమండ్రి వంతెనలు స్తంభాలు లేకుండా నీళ్లమీద పరచిన చాపల్లాగా వున్నాయి. ధవళేశ్వరం దగ్గర నది పాయలుగా చీలడం చూసి, "కాటన్ దొర కట్టింది యిక్కడేకదూ?" అన్నది. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట స్థానంలో తర్వాత కొత్త బారేజి వచ్చిందని చెప్పాను. అక్కడినుంచి కాలవల వెంట పడమటికి, ఏలూరు మీదుగా, ఎడమచేతివైపు కొల్లేరు చూపిస్తూ పోయాం. గన్నవరంలో ఫ్లాపులు దించి, 65 నాట్లమీద నేలకు దించాను. "బాగానే వుంది" అని లేచి వెళ్లిపోయింది. గుడి మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తకపోవడమే నాకు కష్టంగా తోచింది.

మా మేనల్లుడు కాకినాడలో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడితో చెబితే, "దానికేముంది మామయ్యా, మనమే కడదాం" అన్నాడు. మరుసటి ఆదివారం కోరుకొండ వెళ్లి అన్నివైపులనుంచీ ఫోటోలు తీసుకువచ్చాడు. బ్లెండర్ అని వూరికే దొరికే పనిముట్టు వుంది. దానితో గోడలు లేపి, ఫోటోల రంగులు అద్ది, విమానం కట్టాడు. కొండమీద సరిగ్గా ఎక్కడ నిలపాలో అక్షాంశ రేఖాంశాలు చూసి నిలిపాడు. సాయంకాలాలు కూర్చుంటే మూడు వారాలు పట్టింది. నాకు ఆ పని రాదు గాని, నాకు వచ్చిన పని ఒకటి దొరికింది. ఇందాక చెప్పిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌లో వూళ్ల పేర్లు తెలుగులో కూడా వ్రాయవచ్చు. మా చుట్టుపక్కల వూళ్లకు కొన్నిటికి పేరే లేదు, కొన్నిటికి ఇంగ్లీషులోంచి తిప్పి వ్రాసిన వికారపు పేర్లున్నాయి. అమ్మను అడిగి, సరయిన రూపం తెలుసుకుని, ఒక్కొక్కటే సరిచేస్తూ వచ్చాను. ఏ చెరువు పేరేమిటో, ఏ గట్టును ఏమంటారో ఆమెకు తెలిసినట్లు ఏ వుపగ్రహానికి తెలుస్తుంది?

గుడి కట్టడం పూర్తయ్యాక అమ్మను పిలిచి చూపించాం. చాలాసేపు చూసింది. "విమానం బాగుంది. మెట్లేవిరా?" అన్నది. మేనల్లుడు యిప్పుడు మెట్లు కడుతున్నాడు.

సిమ్యులేటర్ మొదలుపెట్టదలచినవారికి నేను యిచ్చే సలహా ఒకటే. న్యూయార్కు, పారిస్ ఎక్కడికీ పోవు. వాటిని చక్కగా కట్టేవాళ్లు చాలామంది వున్నారు. ఎగరడం కాస్త చేతికి రాగానే ముందు మీ వూరిమీదికి పోండి. యింట్లో పెద్దవాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోండి. నది వుందా, చెరువు వుందా, రావిచెట్టు వుందా, గుడో మసీదో చర్చో ఏది వుండవలసిన చోట అది వుందా అని వాళ్లను అడగండి. "యిక్కడ వుండాలే!" అని వాళ్లు వేలు పెట్టి చూపించిన చోటు ఒక కాగితంమీద వ్రాసుకోండి. దాన్ని కట్టడానికి షికాగోనుంచి ఎవరూ రారు. వాళ్ల వూరు వాళ్లు కట్టుకున్నారు. మన వూరికి పనివాళ్లం మనమే. అదీ వేలు పెట్టి చూపించేవాళ్లు మన పక్కన వున్నన్నాళ్లే.